రెండో మనిషి

వరండా చివరి గదికి పేరు చెడిపోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

ఆ ఆసుపత్రిలో మనుషులు పోని గదంటూ ఉంటే అది వంటగది ఒక్కటే. అదీ గట్టిగా చెప్పలేను. అక్కడి టీ ఒకసారి తాగాను కనుక. అయినా ఏ గదినీ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈ గదినే అన్నారు.

మగవాళ్ళ వార్డు దాటాలి. ఆడవాళ్ళ వార్డు దాటాలి. దుప్పట్ల బీరువాలు దాటాలి. ఇక గోడే అనుకున్న చోట ఒక తలుపు ఉంటుంది. లోపల ఒకటే మంచం, ఒకటే కిటికీ, మూల ఒక తెర. గోడకి చెమ్మ దిగింది, రంగు వేయించాలి అని ఆ గదిలో కొత్తగా ఎవరినీ పడుకోబెట్టకుండా ఖాళీగా ఉంచారు. సాయంత్రం మంచం మీద తెల్లదుప్పటి పరిచి, తలగడ సరిగ్గా మధ్యలో పెట్టి, తలుపు దగ్గరగా వేసేవారు.

సాయంత్రం అలా ఉన్న మంచం —

అర్ధరాత్రి దాటాక ఇంకోలా ఉండేది.

తలగడ ఒక పక్కకి జరిగి, నిలువుగా నిలబడి ఉండేది... ఎవరి వీపుకో ఆనించినట్టు. నడుం దగ్గర దుప్పటికి ముడతలు. సర్లే, గాలికేమో అని సర్దేసి వస్తే, మళ్ళీ కాసేపటికి తలగడ రెండో పక్కకి వచ్చి ఉండేది. ముడతలు ఇటు తిరిగి ఉండేవి.

అంటే... ఎవరూ లేని మంచం మీద ఎవరో పక్కకి ఒత్తిగిలి పడుకుంటున్నారన్న మాట!

దానికి తోడు చప్పుడు. మంచానికి పక్కన ఉండే ఇనప కమ్మీ మీద ఎవరో గోటితో కొట్టినట్టు —

టక్. టక్.

అంతే. మళ్ళీ వినపడదు. ఆ వార్డులో గుసగుసలు అని ముద్దుపేరున్న నర్సు ఒకతె ఉంది. ఆ చప్పుడు విని చేతిలో ఇంజక్షను ట్రేతో సహా ఎగిరి, దిగేసరికి మగవాళ్ళ వార్డులో ఉందట. మధ్యలో నేలకి కాలు తగల్లేదట.

ఈ కథ నాకు చెప్పింది మా పైవాటాలో ఉండే పెద్దసిస్టరు. ఆ వార్డుకి పెద్ద ఆవిడే. ఆవిడ అబద్ధం చెప్పదు. చెప్పేంత ఊహ కూడా లేదు పాపం. వానని వాన అంటుంది, జ్వరాన్ని జ్వరం అంటుంది, అంతకుమించి నోరు విప్పదు. అందుకని అక్కడక్కడా ఉప్పూ కారం నేను చల్లాను. ఎక్కడ చల్లానో మీకే తెలుస్తుంది లెండి.

మా కోడలు ఆ వార్డులోనే నర్సు.

పెళ్ళై వచ్చిన కొత్తలో తను నవ్వితే వంటింట్లో గిన్నెలు మోగేవి. నాలుగు వీధుల అవతల కుక్కలు లేచి కూర్చునేవి. ఇక బలం సంగతంటారా... ఒక చేత్తో ఏనుగుని పక్క తిప్పి, రెండో చేత్తో దానికి జ్వరం చూడగలదు. అలాంటి పిల్ల.

ఆ చివరి గదిలోనే టైలరమ్మ అని ఒకావిడ చాలా నెలలు ఉంది. నడుం కింద ప్రాణం లేదు. ఎడమచెయ్యి లేవదు. కుడిచెయ్యి బాగా పనిచేసేది, నోరు అంతకంటే బాగా పనిచేసేది. బట్టలు కుట్టే రోజుల్లో సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ ఉంటుందే, అది ఆసుపత్రికి వచ్చాక కూడా తీయలేదు. మధ్యవేలికి ఎప్పుడూ ఉండేది. అవసరమైతే బెల్లు నొక్కేది కాదు. ఆ టోపీతో కమ్మీ మీద కొట్టేది. టక్, టక్. మా కోడలు పరుగెత్తేది.

కదల్లేని వాళ్ళని రెండేసి గంటలకోసారి పక్క తిప్పాలట. లేకపోతే ఒరుసుకుపోయి ఒళ్ళంతా పుండ్లు పడుతుందట. అందుకని నడుం కింద అడ్డంగా ఒక దుప్పటి వేసి ఉంచుతారు. ఇటొకరు, అటొకరు నిలబడి, ఆ దుప్పటి అంచులు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని ఒక్కసారిగా తిప్పుతారు. మళ్ళీ వెనక్కి దొర్లిపోకుండా వీపు వెనక తలగడ దోపుతారు. ఇద్దరు లేకుండా చెయ్యి వెయ్యకూడదని రూలు.

రూలు బాగానే ఉంది. రాత్రిపూట రెండో నర్సు ఎక్కడ దొరుకుతుంది? అందరూ తలో మంచం దగ్గరా ఉంటారు.

"రెండో మనిషెందుకే? నేను లేనూ?" అనేదట టైలరమ్మ.

తన మంచి చేత్తో కమ్మీ పట్టుకుని, తన్ను తానే లాక్కునేది. "ఒకటి... రెండు..." అని ఆవిడ. "మూడు!" అని మా కోడలు. పని అయిపోయేది.

"నీ యూనిఫారం కుట్టినవాడికి చేతులున్నాయా, కాళ్ళున్నాయా?" అని అడిగేదట ఆవిడ, ప్రతి రాత్రీ.

"కాళ్ళే. మెషిను తొక్కేది వాటితోనేగా!"

ఇద్దరూ నవ్వుకునేవారు. వెళ్ళేటప్పుడు మా కోడలు తన పెన్నుతో కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టేది. టక్, టక్. మళ్ళీ వస్తాను, పడుకో అని.

ఒక సాయంత్రం టైలరమ్మ పోయింది.

మా కోడలి డ్యూటీలోనే పోయింది. కళ్ళు మూసింది మా కోడలే. గడ్డం కింద గుడ్డ కట్టింది. వేణ్ణీళ్ళతో ఒళ్ళు తుడిచింది. వేలి టోపీ తీయబోతే రాలేదు, అలాగే వదిలేసింది. దుప్పటి కప్పింది. ఎవరో చుట్టాలు వచ్చి తీసుకెళ్ళారు. మంచం కడిగింది. చేతులు కడుక్కుంది. పక్క వార్డులో ఎవరికో సెలైను అయిపోయిందంటే, వెళ్ళి మార్చింది.

అంతే.

ఇంటికొచ్చి, "టైలరమ్మ పోయింది అత్తయ్యా," అంది. పాలు అయిపోయాయి అన్నట్టు అంది. కాదు, పాలు అయిపోతే ఇంకాస్త బాధపడేది. ఆ తర్వాత పెట్టినంత తిని, పడుకుని నిద్రపోయింది.

అంతకుముందు మాత్రం ఎవరూ పోలేదా? ఎందరో పోయారు. పెళ్ళికి తేదీ పెట్టుకున్న కుర్రవాడు పోయాడు. పురిట్లో ఒక తల్లి పోయింది. అప్పుడల్లా రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోరోజుకి సర్దుకునేది. ఈసారి ముభావం కూడా లేదు. అడిగితే మాట్లాడుతుంది. పిలిస్తే వస్తుంది. నవ్వాల్సిన చోట పెదాలు సాగదీస్తుంది. గిన్నెలు మోగవు.

మా వాడికి అర్థం కాలేదు. మగవాడు కదా, భోజనం వేళకి వస్తోంది, ఇల్లు సర్దుగా ఉంది, ఇక లోటేమిటి అనుకున్నాడు.

ఒకరోజు మా మనవరాలు మెట్ల మీంచి దొర్లింది. నుదురు చిట్లింది. రక్తం... కాలవలా అనకపోతే నాకు తోచదు గానీ, ఒక చెంచాడు వచ్చి ఉంటుంది. నేను పెట్టిన కేకకి పైవాటా పెంకులు కదిలాయి. మా కోడలు వచ్చింది. దూది తెచ్చింది. తుడిచింది. మందు వేసింది. పట్టీ అంటించింది. ఎంత శుభ్రంగా చేసిందంటే, పెద్ద డాక్టరు చూసినా తప్పు పట్టలేడు. ఆ తర్వాత లేచి, చేతులు కడుక్కుని, ఇటూ అటూ చూసింది. ఇంకెవరున్నారు అన్నట్టు.

"అమ్మా," అంది పిల్ల, ఏడుపు దిగమింగుకుంటూ. "నేను నీ పేషెంటునా?"

మా కోడలు నెత్తుటి దూది ఏరి చెత్తబుట్టలో వేసింది.

ఆ రాత్రి వంటింట్లో గట్టు తుడుస్తూ, తుడిచినచోటే మళ్ళీ తుడుస్తూ, నావైపు చూడకుండా అంది.

"అత్తయ్యా. దానికి దెబ్బ తగిలితే నాకేమీ అనిపించలేదు."

"కంగారులో తెలియదమ్మా. తర్వాత వస్తుంది."

"రాలేదు. ఎదురు చూశాను." ఇంకోసారి తుడిచింది. "నెలాఖరుకి మానేస్తానని చెప్పేశాను. అక్కడ లేకపోతే మళ్ళీ మామూలు మనిషినవుతానేమో. అవకపోతే... ఏం చెయ్యాలో తెలియదు."

ఏడుస్తూ చెబితే ధైర్యం చెప్పేదాన్ని. ఏడవకుండా చెప్పింది.

తెల్లవారగానే పైవాటాకి ఎక్కాను. మోకాళ్ళు వద్దు వద్దంటున్నా ఎక్కాను.

"మా కోడలిని ఏం చేశారు మీ ఆసుపత్రివాళ్ళు?" అన్నాను.

పెద్దసిస్టరు టీ చేతికిచ్చి కూర్చుంది. "మేమందరం అంతే పిన్నిగారూ. కొన్నాళ్ళకి అలవాటైపోతుంది."

"అలవాటైపోతే ఇలా ఉంటుందా? మనిషి పోతే మంచం కడుగుతారు. గచ్చు కడుగుతారు. చేతులు కడుగుతారు. ఒక్కసారైనా కూర్చోబెట్టి, ఎలా ఉందే నీకు అని అడుగుతారా?"

ఆవిడ తన కప్పు కింద పెట్టేసింది.

"నన్నెవరూ అడగలేదు," అంది. "అడగాలని నాకూ తెలియలేదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే గదికి పేరు చెడింది.

తలగడ సంగతి ముందు చూసింది గుసగుసలు. తను చూశాక ఇక చెప్పేదేముంది, ఆ వార్డులో స్పృహ లేనివాళ్ళకి కూడా తెలిసిపోయింది. దుప్పట్ల బీరువాల దాకా వెళ్ళాలంటే ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని వెళ్ళేవారట. ఒకతె తాయెత్తు కట్టుకుంది. ఒకతె బదిలీ అడిగింది. "టైలరమ్మే," అంది గుసగుసలు. "కుట్టు మధ్యలో ఆపి పోయింది కదా. సగం కుట్టిన బట్ట కోసం తిరుగుతోంది..." సగం కుట్టిన బట్ట ఎక్కడిదని అడిగినవాళ్ళు లేరు. భయపడేటప్పుడు అలాంటివి ఎవరూ అడగరు.

భయపడనిది మా కోడలు ఒక్కతే.

"దెయ్యమైతే ఏం?" అందట, మందులు సర్దుకుంటూ. "దానికీ ఒళ్ళు పుండ్లు పడకుండా చూసుకుంటే సరి."

అందరూ నవ్వారు. తను నవ్వలేదు.

ఆ మాట పెద్దసిస్టరు చెవిలో పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

మర్నాడు రాత్రి ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆ గదిలోకి వెళ్ళింది. తన చేత్తో దుప్పటి పరిచింది. టైలరమ్మ కాలంలో వేసినట్టే నడుం దగ్గర అడ్డదుప్పటి కూడా వేసింది. ఎందుకు వేశానో నాకే తెలియదు పిన్నిగారూ అంది. తలగడ మధ్యలో పెట్టింది. దీపం ఆర్పింది. మూలనున్న తెర వెనక స్టూలు వేసుకుని కూర్చుంది.

కిటికీలోంచి వీధిదీపం వెలుగు కాస్త మంచం మీద పడుతోంది.

ఏమీ లేదు.

ఎక్కడో ఎవరో దగ్గారు. ఎక్కడో పంపు కారుతోంది. ఆవిడకి కునుకు పట్టబోయింది —

అడుగులు.

మెత్తగా... తొందర లేకుండా... వరండాలో దూరం నుంచి. మగవాళ్ళ వార్డు దాటాయి. ఆడవాళ్ళ వార్డు దాటాయి. బీరువాల దగ్గర ఎవరి అడుగులైనా ఆగుతాయి కదా, భయంతో. ఇవి ఆగలేదు.

తలుపు తెరుచుకుంది. కిర్రుమనలేదు. ఎక్కడ నొక్కి తోస్తే కిర్రుమనదో ఆ చేతికి తెలుసు.

తెల్లటి ఆకారం. లోపలికి వచ్చింది. దీపం వెయ్యలేదు. మంచం పక్కన ఆగింది. వంగింది.

"మెలకువగానే ఉన్నావా?" అంది గుసగుసగా.

పెద్దసిస్టరుకి పైప్రాణాలు పైనే పోయాయి.

ఆకారం అడ్డదుప్పటి అంచు పట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది, ఎవరో ఏదో అంటే వింటున్నట్టు. ఆ తర్వాత —

"మూడు," అంది.

దుప్పటి మెల్లగా లేచి, మెల్లగా దిగింది. తలగడ పక్కకి వెళ్ళి నిలబడింది. ఒక చెయ్యి దుప్పటి మీద ముడతలు సర్దింది. లేని భుజం మీద ఒకసారి నిమిరింది. జేబులోంచి ఏదో తీసింది. కమ్మీ మీద —

టక్. టక్.

వెలుగు ముఖం మీద పడింది.

మా కోడలు.

నిద్రలో లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులకి గ్లవ్స్. మెడలో టార్చి. రోజూ చేసే పని రోజూలాగే చేసి, పక్క మంచానికి వెళ్ళబోతున్న నర్సు ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇంతకాలం చేసిన పని కదా, మనిషి పోయిందని చేతులకి ఎవరూ చెప్పలేదు. తను కూడా చెప్పుకోలేదు. వేళయ్యేసరికి కాళ్ళు వచ్చేవి, చేతులు తిప్పేవి, తలకి తెలియకుండానే.

ఇదా దెయ్యం!

ఇంకొకరైతే దీపం వేసి, భుజాలు పట్టి కుదిపేవారు. పెద్దసిస్టరు అలా చెయ్యలేదు. తెర వెనక నుంచి వచ్చింది. మంచానికి అవతలి పక్కన నిలబడింది. అడ్డదుప్పటి రెండో అంచు చేతిలోకి తీసుకుంది.

"ఇంకోసారి తిప్పుదామమ్మా," అంది. "సరిగ్గా పడుకున్నట్టు లేదు."

మా కోడలు అదరలేదు, బెదరలేదు. రెండో నర్సు రావడం మామూలే కదా అన్నట్టు తన అంచు పట్టుకుంది.

"ఒకటి... రెండు..."

"మూడు."

ఇద్దరూ మనిషి బరువుకి తగ్గ పట్టు పట్టారు. దుప్పటి ఫట్టుమని గాల్లోకి ఎగిరింది. ఎగిరి, ఇద్దరి మధ్యా బిగుసుకుని నిలబడింది. తెల్లగా. ఖాళీగా.

మా కోడలు దాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"బరువు లేదు సిస్టర్," అంది.

"లేదమ్మా."

"నేను రోజూ వస్తున్నానా?"

"వస్తున్నావు."

మా కోడలు అంచు వదల్లేదు. పెద్దసిస్టరూ వదల్లేదు. అలా ఎంతసేపని నిలబడతారు? దుప్పటి చేతిలో ఉంటే నర్సులకి తెలిసిన పని ఒకటే. మడత పెట్టడం మొదలుపెట్టారు. నాలుగు కొసలు. ఒకసారి విదిలించి, ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వచ్చారు. కొసలు కలిశాయి. చేతులు కలిశాయి. పెద్దసిస్టరు ఆ చేతులు పట్టుకుంది.

"ఆవిడ గురించి ఒక్కటి చెప్పు," అంది.

"ఏం చెప్పను?"

"ఏదైనా. నాకు ఆవిడ జబ్బు పేరు తెలుసు, మందులు తెలుసు. ఇంకేమీ తెలియదు."

మా కోడలు ఆలోచించింది.

"నా యూనిఫారం కుట్లు విప్పి మళ్ళీ కుడతానంది. చెయ్యి సరిగ్గా వచ్చాక." ఆగింది. "నేను సరే అన్నాను. రాదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు."

ఆ తర్వాత చెప్పిన మాట విని నవ్వకండి.

"మణికట్లు నొప్పిగా ఉన్నాయి సిస్టర్. నడుం కూడా. చాలా నొప్పిగా ఉంది."

ఇన్నాళ్ళకి తనకి ఏదో తెలిసింది. నొప్పే. అయితేనేం? పెద్దసిస్టరు తనని స్టూలు మీద కూర్చోబెట్టి, గ్లవ్స్ తీసి, మణికట్లు వత్తింది. ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. ఎవరు చీదుకున్నారో పెద్దసిస్టరు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

లేచి వచ్చేటప్పుడు, గుమ్మం దగ్గర మా కోడలు ఆగింది.

"సిస్టర్..."

"ఏమ్మా?"

"ఇవాళ బరువు లేదు."

"అవును."

"నిన్నటిదాకా ఉంది."

ఇది చెబుతూ పెద్దసిస్టరు చీర కొంగు కాస్త జరిపి, ముంజేయి నాకు చూపించింది. పట్టపగలు, మా ఇంటి ముందుగదిలో, ఎండ పడుతుండగా, రోమాలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఊహ లేని మనిషి అని ముందే చెప్పాను కదా.

ఆ తర్వాత ఆ వార్డులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఎవరైనా పోతే, ఆ మంచం ఒక్కరే సర్దకూడదు. ఇద్దరు నర్సులు వెళ్ళాలి. ఉతికిన దుప్పటి విప్పి, మళ్ళీ మడిచి, కొసలు కలిసినప్పుడు పోయిన మనిషి గురించి ఒక మాట చెప్పుకోవాలి. జబ్బు సంగతి కాదు, మనిషి సంగతి. అప్పుడు పక్క వెయ్యాలి. మొదట్లో గొణుక్కున్నారు. "ఉన్న పనికే చేతులు చాలట్లేదు, ఇదొకటా?" అంది గుసగుసలు. తన వంతు వచ్చేసరికి ఎవరో తాతగారి గురించి మొదలుపెట్టి, ఆయన చెప్పిన జోకులన్నీ వరసగా చెప్పి, తెల్లవారుజాము దాకా ఏడ్చి, నవ్వి, ముక్కు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చింది. అప్పటినుంచి ఎవరూ గొణగలేదు.

నెలాఖరు వచ్చింది. మా కోడలు మానెయ్యలేదు. అప్పటికి పూర్తిగా బాగైపోయిందని చెబితే అబద్ధం. నవ్వు వచ్చింది గానీ, నాలుగు వీధులు లేవు, రెండు వీధులే. ఒకరోజు మనవరాలు మళ్ళీ పడింది, మోచెయ్యి కాస్త గీరుకుంది. మా కోడలు దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఎంత గోల చేసిందంటే, పిల్లే తల్లిని ఓదార్చాల్సి వచ్చింది. "ఏం లేదమ్మా, చిన్నదే, చిన్నదే," అని. నేను వంటింట్లోకి వెళ్ళి, తలుపేసుకుని, ఈ వయసులో ఎగిరి గంతేశాను.

అలా గంతులేసినందుకేనేమో, కొన్నాళ్ళకి స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆ చప్పుడుకి భూకంపమనుకుని వీధివీధంతా బయటికి పరుగెత్తింది.

ఆసుపత్రిలో మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఒక్కటే గది. గోడకి రంగు వేసి, కొత్త కర్టెను కట్టి ఉంచారు.

వరండా చివరిది.

"భయమేస్తే చెప్పండి అత్తయ్యా, వేరే చోట సర్దిస్తాను," అంది మా కోడలు.

"నాకు భయమా? నన్ను చూసి అదే పారిపోవాలి," అన్నాను.

మొదటి రాత్రి మందు మగతలో గడిచిపోయింది. రెండో రాత్రి నొప్పికి మెలకువ వచ్చింది. గదిలో చిన్న దీపం. మా కోడలు నా ఎదురుగా, మంచానికి ఈ పక్కన నిలబడి ఉంది.

"పక్క తిప్పుతాను అత్తయ్యా. ఒళ్ళు వదులుగా ఉంచండి."

తన రెండు చేతులూ దుప్పటి అంచు మీద, నా కళ్ళ ముందే ఉన్నాయి. వెనక నుంచి రెండో అంచు ఎవరో పట్టుకున్నారు. దుప్పటి బిగుసుకోవడం తెలిసింది. పెద్దసిస్టరు వచ్చిందన్న మాట, అనుకున్నాను.

"ఒకటి... రెండు..." అని వెనక నుంచి చాలా మెల్లగా వినపడింది.

"మూడు," అంది మా కోడలు.

పువ్వులా తిరిగాను. విరిగిన తుంటి ఉన్నట్టే తెలియలేదు. నా వీపు వెనక తలగడ దోపారు. నేర్పుగా, ముడత లేకుండా. ఒక చెయ్యి నా భుజం మీద ఆనింది, దొర్లిపోకుండా. చల్లగా ఉంది. వేళ్ళు మెత్తగానే ఉన్నాయి. ఒక్క వేలే... కొస గట్టిగా, గుండ్రంగా, ఏదో తొడిగినట్టు...

తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో టార్చితో పెద్దసిస్టరు.

"ఏమ్మా, ఒక్కదానివే తిప్పేశావా? నన్ను పిలవచ్చుగా?"

నా భుజం మీద చెయ్యి అలాగే ఉంది.

పెద్దసిస్టరు టార్చి వెలుగు నా మీదుగా వెళ్ళి, నా వెనక ఎక్కడో ఆగింది. ఆవిడ నోరు తెరిచింది. మూసింది. టార్చి ఆర్పేసి, మెల్లగా, కిర్రుమనకుండా, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నేను మెడ తిప్పబోయాను.

మా కోడలు నా చెవి దగ్గరికి వంగింది. ఎన్నాళ్ళకో తన ముఖంలో ఆ పాత నవ్వు, గిన్నెలు మోగే నవ్వు, బయటికి రాకుండా బిగపట్టినట్టు ఉంది.

"వెనక్కి చూడకండి అత్తయ్యా," అంది గుసగుసగా. "ఆవిడ మీ ఆసుపత్రి చొక్కా కుట్లు చూస్తోంది."

నేనేం చెప్పినా గోరంతని కొండంత చేస్తానని మా వాళ్ళంతా అంటారు. నిజమే, కాదనను.

ఇది మాత్రం తగ్గించి చెప్పాను.